నాపరాయి కింద నీటి దారి

తాడిపత్రి దాటి కొలిమిగుండ్ల వైపు బస్సు మళ్లిందంటే కిటికీలోంచి ఒకే వస్తువు పది వేషాల్లో కనిపిస్తుంది. చేలగట్ల మీద ముళ్లకంచెకు బదులు నిలువునా పాతిన నాపరాళ్లు. పశువుల కొట్టానికి గోడలూ అవే, పైకప్పూ అవే. ఇంటి ముందు అరుగు, నీళ్లతొట్టి అంచు, బట్టలుతికే బండ, కాలువ మీద దాటు, అన్నీ నాపరాయే. రోడ్డు వారగా పాలిష్ ఫ్యాక్టరీలు, వాటి వెనక తెల్లటి బురద ఎండి కట్టుకున్న దిబ్బలు, పనికిరాని ముక్కల గుట్టలు.

ఈ దారిన పోయే యాత్రికుల్లో ఎక్కువమంది బెలుం గుహలకు వచ్చినవాళ్లు. టికెట్టు కొని లోపలికి దిగుతారు, చెమటలు కక్కుతూ బయటికొస్తారు, అక్కణ్నుంచి యాగంటికి వెళ్లి, కోనేట్లో స్నానం చేసి, బసవన్నకు దండం పెట్టుకుని ఇంటిదారి పడతారు. దారిలో చూసిన నాపరాయికీ, దిగి వచ్చిన గుహకీ, స్నానం చేసిన కోనేటికీ చుట్టరికం ఉందని వాళ్లకు ఎవరూ చెప్పరు. గుహ ఒక శాఖది, గుడి ఒక శాఖది, గని ఇంకొక శాఖది. నా మట్టుకు నాకు ఈ సీమలో చూడవలసింది ఆ చుట్టరికమే. దాన్ని కలిపింది నీళ్లు. గుళ్లూ గుహలూ ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోయే కంటే, వాన చినుకు ఎక్కడ పడి, ఏ దారిన నడిచి, ఎక్కడ తేలుతుందో ఆ వరసలో చూస్తే నంద్యాల జిల్లా పడమటి భాగమంతా ఒకే కథ చెబుతుంది.

ముందు రాయి సంగతి. సున్నపురాయి అంటే గవ్వలూ నత్తగుల్లలూ పగడాలూ పేరుకుని గట్టిపడిన రాయి అని బడిలో చదువుకున్నాం. నాపరాయీ సున్నపురాయే, కానీ ఇందులో గుల్ల కోసం ఎంత వెతికినా దొరకదు. ఇది పేరుకునే నాటికి గుల్ల కట్టుకోవడం నేర్చిన జంతువు భూమ్మీద ఇంకా పుట్టలేదు. లోతులేని సముద్రపు నీటిలో కరిగి ఉన్న కాల్షియం కార్బొనేట్, కంటికి కనపడని సూక్ష్మజీవుల సాయంతో, సన్నని సున్నపు బురదగా అడుగుకు దిగింది. అలజడి తక్కువగా ఉన్న నీళ్లు కాబట్టి పొర మీద పొర తీరుగా పరుచుకుంది. మధ్యమధ్యలో ఒండ్రు మట్టి కాస్త కొట్టుకొచ్చినప్పుడు రెండు సున్నపు పొరల నడుమ వెంట్రుకంత మట్టి తెర చిక్కుకుంది. ఆ మట్టి తెరను గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడి జనం బతుకుతెరువు దాని మీదే నడుస్తోంది. ఇక్కడి గుహలు పుట్టడంలోనూ దానికి వాటా ఉంది.

1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా తరఫున కడప, కర్నూలు రాళ్ల మీద ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు. ఆయన వరసే కొద్ది మార్పులతో ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. అడుగు నుంచి పైకి చెప్పుకుంటే బనగానపల్లె క్వార్ట్‌జైట్, నర్జి సున్నపురాయి, అవుకు షేలు, పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేలు. నంద్యాల బస్టాండులో నిలబడితే ఈ పేర్లలో చాలావాటిని బస్సుల బోర్డుల మీద చదువుకోవచ్చు. బనగానపల్లె పొర అడుగున గులకరాళ్లు అతుక్కుని గట్టిపడిన చోట వజ్రాలు దొరికేవి. శతాబ్దాల తరబడి జనం తవ్వుకున్నది ఆ పొరనే. దాని మీద పరుచుకున్న నర్జి సున్నపురాయిలో బెలుం ఉంది, బేతంచెర్ల గనులున్నాయి. ఎర్రమల కొండలకు టోపీ పెట్టినట్టు కనిపించే బల్లపరుపు శిఖరాలు చాలావరకు పాణ్యం క్వార్ట్‌జైట్. అది గట్టి ఇసుకరాయి, నీటికి కరగదు. కింద సున్నపురాయి కరిగిపోతున్నా పైన అది నిలబడి ఉండబట్టే ఈ కొండలకు ఆ తెగనరికిన అంచులు.

ఇదే సున్నపురాయి నల్లమల దాటి పలనాడులోనూ పైకి తేలింది. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు ముడిసరుకు అదే. అమరావతి, నాగార్జునకొండ శిల్పులు బుద్ధుడి కథలు చెక్కిందీ పలనాటి సున్నపురాయి మీదే. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాలను చాలాకాలం పాలరాయి అన్నారు కానీ, అవి పాలరాయి కావు. పాలరాయి కావాలంటే సున్నపురాయి వేడికీ ఒత్తిడికీ లోనై స్వభావం మారాలి. కర్నూలు, పలనాడు పొరలకు ఆ గతి పెద్దగా పట్టలేదు. పట్టి ఉంటే పలకలుగా చీలేవి కావు.

గనిలో ఆ చీలడం దగ్గర్నుంచి చూడాలి. నేల మీదే పట్టాలు వేసి, వాటి మీద గుండ్రటి రంపం ఉన్న యంత్రాన్ని నడుపుతారు. అది రాతినేలను అడ్డంగా, నిలువుగా గళ్లు గళ్లుగా కోసుకుంటూ పోతుంది. అయితే రంపం చేసేది నిలువు కోతే. పలకను అడుగు నుంచి విడదీసే పని యంత్రానిది కాదు. ఒక మనిషి కోత అంచున గడ్డపార మొన పెట్టి, పొర ఎక్కడుందో చేతి స్పర్శతో పట్టుకుని, ఒక్క ఊపు ఊపుతాడు. టప్పుమని సన్నని శబ్దం వస్తుంది. రెండు అంగుళాల పలక అడుగు నుంచి విడివడి లేస్తుంది. కింద కనిపించే కొత్త నేల చిత్రిక పట్టాల్సిన అవసరం లేనంత చదునుగా ఉంటుంది. కోట్ల ఏళ్ల కిందట చిక్కుకున్న ఆ మట్టి తెర వెంబడే అది విడిపోయింది. తెర వంకరపోయిన చోట పలకా వంకరపోతుంది, అలాంటివి ముక్కల గుట్టకు చేరతాయి.

గడ్డపార వెతుక్కునే బలహీనతనే నీళ్లూ వెతుక్కుంటాయి. భూమి పైపొర కదలికల వల్ల ఈ రాయి నిలువునా పగిలి ఉంది. ఆ నిలువు పగుళ్లు, అడ్డంగా పొరల సందులు, రెండూ కలిసి నేల కింద ఒక గళ్ల వల అల్లాయి. పడ్డ వాన నిలువు పగులులోంచి దిగుతుంది, మట్టి తెర అడ్డొస్తే పక్కకు పాకుతుంది, ఇంకో పగులు దొరికితే మళ్లీ దిగుతుంది.

వట్టి నీళ్లు రాయిని పెద్దగా ఏమీ చేయలేవు. వాన పడుతూ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొంచెం కలుపుకుంటుంది. గాలిలో అది 0.04 శాతమే కాబట్టి అప్పటికీ పదును తక్కువే. అసలు పదును మట్టిలో వస్తుంది. చెట్ల వేళ్లూ, మట్టిలోని సూక్ష్మజీవులూ ఊపిరి వదిలే ఆ చోట కార్బన్ డయాక్సైడ్ 1 శాతం దాటి కూడా ఉంటుంది. ఆ మట్టిలోంచి వడకట్టుకుని దిగిన నీరు బలహీనమైన ఆమ్లం. సున్నపురాయిని తాకగానే కాల్షియం కార్బొనేట్‌ను బైకార్బొనేట్‌గా మార్చి తనలో కరిగించుకుంటుంది. రాయలసీమ బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున కట్టే తెల్లటి పెచ్చు, అలా కరిగి మన వంటింటి దాకా వచ్చిన కొండే.

మొదట్లో పగులు వెంట్రుకంత. నీరు బొట్టు బొట్టుగా తప్ప కదలదు. వేల ఏళ్లు అలా గడిచాక ఎక్కడో ఒక దారి మిగతా వాటికన్నా కాస్త వెడల్పవుతుంది. వెడల్పైన దారిలోకి ఎక్కువ నీరు మళ్లుతుంది, ఎక్కువ నీరు మళ్లితే ఇంకా వెడల్పవుతుంది. ఉన్నవాడికే ఇంకా వచ్చి చేరే న్యాయం రాళ్లలోనూ ఉందన్నమాట. పక్క పగుళ్లు ఎండిపోతాయి. మనం టికెట్టు కొని నడిచే గుహ అంటే వందల పగుళ్ల పోటీలో నెగ్గిన ఒకటి రెండు పగుళ్లు. ఓడినవి కూడా కనిపిస్తాయి. దారి పక్కన గోడలో చెయ్యి కూడా పట్టని నోళ్లు తెరుచుకుని ఉంటాయి, అవే.

బెలుంలోకి దిగేది ఒక బావి లాంటి గుంతలోంచి. నేల మీద చదునైన పొలం తప్ప ఏ కొండా కనపడదు. గుహ అంటే కొండలో ఉంటుందనుకుని వచ్చినవాళ్లు ఇదేమిటని చుట్టూ చూస్తారు. కింద గుహ కప్పు పలచబడి కూలిన చోట పైన నేల కుంగి గుంత అవుతుంది. అలాంటి మూడు గుంతలు పక్కపక్కనే ఉన్నాయి. నడిమి దానికి మెట్లు కట్టారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఈ గుహల సంగతి నమోదు చేశాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 1982, 1983లలో డేనియల్ గెబావర్ అనే జర్మన్ గుహాన్వేషకుడి బృందం వచ్చి లోపలంతా పాకి కొలిచింది. ఆ కొలతల ప్రకారం గుహ పొడవు 3,229 మీటర్లు. రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ 1999 నుంచి బురద తీయించి, దీపాలూ దారులూ వేయించి, 2002లో జనాన్ని అనుమతించింది. చూడనిచ్చేది సుమారు కిలోమీటరున్నర. దేశంలోకెల్లా పొడవైన గుహల్లో రెండోదని బెలుం గురించి చెప్పుకోవడం రివాజు. మేఘాలయలో క్రెమ్ లియాట్ ప్రా ఒక్కటే 30 కిలోమీటర్లు దాటింది, అక్కడ బెలుంను మించినవి ఇంకా చాలా ఉన్నాయి. మైదానపు గుహల్లో పెద్దది అంటే సరిపోతుంది. ఆ గొప్ప చాలదా?

లోపల గైడు వేయి పడగలు, సింహద్వారం, కోటిలింగాలు, ఊడలమర్రి చూపిస్తాడు. చూడండి, బాగుంటాయి. అయితే ఆయన టార్చి ఆ ఆకారాల మీద పడుతున్నప్పుడు మీరు ఒకసారి నెత్తి మీది కప్పును చూడండి. చాలాచోట్ల దారి పొడవునా కప్పు నడిమధ్యలో గీత గీసినట్టు ఒక పగులు సాగుతుంది. నీరు మొట్టమొదట దిగిన పగులు అది. దారి దాన్ని వదలకుండా తిన్నగా పోతుంది, పగులు మలుపు తిరిగితే దారీ తిరుగుతుంది. గోడలు నున్నగా, గుండ్రంగా ఉన్న చోట ఒకప్పుడు గుహ నిండా నీళ్లుండేవి. నిండుగా ఉన్న నీరు అన్ని వైపులా సమానంగా కరిగిస్తుంది కాబట్టి గొట్టం ఆకారం వస్తుంది. కింది భాగం ఇరుగ్గా లోతుగా కోసుకుపోయిన చోట నీటిమట్టం పడిపోయాక అడుగున వాగు మాత్రమే పారింది. గోడల మీద వరసగా చిన్న చిన్న పల్లాలు కనిపిస్తే వేలితో తాకకుండా దగ్గరికి వెళ్లి చూడండి. ప్రతి పల్లానికీ ఒక అంచు నిటారుగా, ఒక అంచు వాలుగా ఉంటుంది. నిటారు అంచు ఉన్న వైపు నుంచి నీరొచ్చింది. పల్లాలు ఎంత చిన్నవైతే ప్రవాహం అంత వేగం. ఎప్పుడో ఎండిపోయిన వాగు ఏ దిక్కుకు, ఎంత జోరుగా పారిందో గోడ ఇప్పటికీ చెబుతోంది.

ఈ గుహలను చిత్రావతి తొలిచిందని అంటారు. ఇవాళ చిత్రావతి ఇక్కడికి చాలా దూరంగా, దక్షిణాన పారుతోంది. నదులు నేల మీద దారి మార్చుకుంటాయి, లోయలు లోతవుతున్న కొద్దీ భూగర్భ జలమట్టం కిందికి దిగుతుంది. పాత మట్టంలో తొలిచిన గొట్టాలు పైన ఎండి మిగులుతాయి. బెలుం అలా మిగిలిన గొట్టం. పూర్తిగా ఎండలేదు కూడా. ప్రవేశం నుంచి 46 మీటర్ల లోతున, పాతాళగంగ అనే చోట, ఏడాది పొడుగునా సన్నని ఊట పారుతుంది. ఆగ్నేయం నుంచి వాయవ్యానికి పారి బండల కింద మాయమవుతుంది. రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న బెలుం ఊరి బావిలో తేలుతుందని స్థానికుల నమ్మకం. ఇలాంటి నమ్మకాలను తేల్చడానికి సున్నపురాయి ప్రాంతాల్లో ఒక సులువైన పద్ధతి వాడతారు. హాని చేయని మెరుపు రంగు ఫ్లోరెసిన్‌ను వాగులో కలిపి, బావుల దగ్గర రోజుల తరబడి నీళ్లు పట్టి పరీక్షిస్తారు. కంటికి ఆనని మోతాదులో ఉన్నా పరికరం పట్టేస్తుంది.

లోపల ఉక్క గురించి అందరూ ఫిర్యాదు చేస్తారు. గుహలో గాలి వేడి బయటి వాతావరణపు ఏడాది సగటుకు దగ్గరగా స్థిరపడుతుంది. ఐరోపా గుహల్లో అది పది పన్నెండు డిగ్రీలు, అందుకే అక్కడివాళ్లు స్వెట్టర్లు వేసుకుని దిగుతారు. మన సీమలో ఏడాది సగటే 28 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. దానికి తడి గాలి తోడైతే చెమట ఆరదు.

బొర్రా చూసి వచ్చినవాళ్లకు బెలుంలో ఒక వెలితి తోస్తుంది. అక్కడ కప్పు నుంచి వేలాడేవీ, నేల నుంచి లేచేవీ విరివిగా ఉంటాయి. ఇక్కడ తక్కువ. బొర్రా తూర్పు కనుమల్లో, అడవి కింద ఉంది. వాన ఎక్కువ, మట్టి మందం, చెట్లు దట్టం. అంటే నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, కరిగే సున్నమూ ఎక్కువ. ఆ నీరు గుహ కప్పుకు వచ్చి బొట్టుగా వేలాడగానే గోలీసోడా గోలీ నొక్కినప్పుడు జరిగేదే జరుగుతుంది. లోపల ఇమిడి ఉన్న వాయువు బయటికి పోతుంది. వాయువు పోయాక నీటికి అంత సున్నాన్ని మోసే శక్తి ఉండదు, ఉల్లిపొరంత సున్నాన్ని అక్కడే వదిలేస్తుంది. చాలామంది అనుకునేట్టు నీరు ఆవిరవడం వల్ల కాదు, ముఖ్యంగా వాయువు విడిపోవడం వల్లే ఇవి పెరుగుతాయి. పెరుగుదల చోటును బట్టి మారుతుంది కానీ, ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు అనేది మామూలు లెక్క. నూరేళ్లకు ఒక సెంటీమీటరు. రాయలసీమ వానకు అదీ గగనమే.

అందుకే బెలుంలో సప్తస్వరాల గుహ దగ్గరికి వస్తే నాకు కాలు ఆగదు. అక్కడ వేలాడే రాళ్లను కర్రతోనో వేలి కణుపులతోనో తడితే గంటలు మోగినట్టు మోగుతాయి. మోగుతాయి కాబట్టి వచ్చిన ప్రతివాడూ తడతాడు. వందల ఏళ్లకు ఒక వేలెడు పెరిగిన దాని మీద రోజుకు ఎన్ని దెబ్బలు? రంగురంగుల దీపాల సంగతీ అంతే. సూర్యుడి వెలుగే ఎరగని చోట ఎప్పుడూ దీపం వెలుగుతుంటే రాతి మీద నాచు పడుతుంది. ఫ్రాన్సులోని లాస్కో గుహలో ఆదిమానవుల బొమ్మలను జనం ఊపిరీ దీపాల నాచూ పాడుచేస్తుంటే 1963లో దాన్ని సందర్శకులకు మూసేశారు. తక్కువ వెలుగు, మనిషి దగ్గరికి వచ్చినప్పుడే వెలిగే దీపాలు ఉంటే ఖర్చూ తగ్గుతుంది, గుహా బతుకుతుంది.

యాగంటికి ఎర్రమల కొండల సందులోంచి వెళ్లాలి. మూడు వైపులా నిటారు చరియలు, వాటి ఒడిలో ఉమామహేశ్వరుడి గుడి. శివుణ్నీ పార్వతినీ ఒకే రాతిలో కొలిచే క్షేత్రం ఇది. ఇప్పుడు చూస్తున్న కట్టడంలో ఎక్కువ భాగం విజయనగర రాజుల కాలం నాటిది. అగస్త్యుడు ఇక్కడ వేంకటేశ్వరుణ్ని ప్రతిష్ఠించబోతే విగ్రహం కాలిగోరు విరిగిందని, అందుకే ఇది శివక్షేత్రమైందని స్థలపురాణం. పై గుహల్లో అగస్త్యుడి పేర ఒకటి, వేంకటేశ్వరుడి పేర ఒకటి, పోతులూరి వీరబ్రహ్మంగారి పేర ఒకటి ఉన్నాయి. బనగానపల్లె పక్కనే ఆయన పశువులు కాసిన రవ్వలకొండ ఉంది. కాలజ్ఞానం అక్కడి గుహలో రాశారని ప్రతీతి.

కోనేటిలోకి నంది నోట్లోంచి నీళ్లు పడుతుంటాయి. మండు వేసవిలోనూ ఆగవు. ఎర్రమల కొండ పైన పడ్డ వాన గట్టి రాతి పగుళ్లలోకి ఇంకి, కింద నీటిని పోనివ్వని పొర తగిలే దాకా దిగి, చరియ అడుగున ఎక్కడ దారి దొరికితే అక్కడ ఊటగా తేలుతుంది. కొండంతా ఒక నీళ్లతొట్టి. వానలకు నిండుతుంది, నెమ్మదిగా ఖాళీ అవుతుంది. అందుకే ఊట వేసవిని ఎరగదు. గుడి ఇక్కడే ఎందుకు వెలిసిందో చెప్పడానికి నాకు పురాణం కంటే ఈ ఊటే ఎక్కువ నచ్చుతుంది. ఎండ మండే సీమలో ఎన్నడూ ఎండని నీరు దొరికిన చోట మనిషి దండం పెట్టకుండా ఎలా ఉంటాడు?

ఇక బసవన్న. ఇరవై ఏళ్లకు ఒక అంగుళం చొప్పున పెరుగుతున్నాడని, ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లని, ఇప్పుడు చోటు చాలడం లేదని చెప్పుకుంటారు. కలియుగాంతంలో ఆయన లేచి రంకె వేస్తాడని బ్రహ్మంగారి మాటగా చెబుతారు. ఆ నమ్మకంతో నాకు పేచీ లేదు. దానికి శాస్త్రం తోక తగిలించి, ఈ రాయికి పెరిగే గుణం ఉందని పురావస్తువాళ్లే చెప్పారనడంతోనే పేచీ. సున్నపు నీరు బొట్టుగా పడి, పొరగా పేరుకుంటే తప్ప రాయికి పెరుగుదల లేదు. అలా పేరుకున్నా పైపైన పెచ్చులుగా పేరుకుంటుంది, చెవులూ మూపురమూ గంటలూ పోలికలు చెడకుండా పెరగవు. పైగా ఇరవై ఏళ్లకు అంగుళమంటే ఏడాదికి మిల్లీమీటరుంబావు, చుక్కలు రాలే గుహలో మామూలు పెరుగుదలకు పది రెట్లు. చుక్క నీరు పడని మండపంలో కూర్చున్న బసవన్నకు అది ఎక్కణ్నుంచి రావాలి? ఆయన పెరుగుతాడన్నది భక్తుల మాట, భక్తుల మాటగానే దానికి అందముంది.

ఈ గుహలు నీళ్లనే కాదు, ఎముకలనూ దాచాయి. సున్నపు నీరు ఎముకను కరగనివ్వదు, పైగా దాని రంధ్రాల్లో పేరుకుని గట్టిపరుస్తుంది. ఆమ్లం కలిసిన అడవి మట్టిలో నాలుగేళ్లలో మాయమయ్యే ఎముక ఇక్కడ లక్షల ఏళ్లు నిలుస్తుంది. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో ఎముకలున్నాయని 1844లోనే కెప్టెన్ న్యూబోల్డ్ రాశాడు. నలభై ఏళ్ల తర్వాత ఫుట్, ఆయన కొడుకు హెన్రీ కలిసి తవ్వారు. ఆ గదులకు చార్నెల్ హౌస్, పర్గెటరీ, కెథెడ్రల్ అని తమ ఊళ్ల చర్చిలు గుర్తొచ్చే పేర్లు పెట్టుకున్నారు. స్థానికులకు మాత్రం గుహ అంటే గవి. అక్కడికి దగ్గర్లోనే ముచ్చట్ల చింతమాను గవిలో ఎం.ఎల్.కె. మూర్తి జరిపిన తవ్వకాల్లో రాతియుగపు మనుషులు నిప్పు రాజేసుకున్న పొయ్యి బయటపడింది. దాని వయసు సుమారు 17,000 ఏళ్లు.

బిల్లసర్గం ఎముకల మీద 2014లో వెలువడిన పరిశోధన నన్ను బాగా ఆలోచింపజేసింది. గత 2 లక్షల ఏళ్లలో ప్రపంచమంతటా మంచుయుగాలు వచ్చిపోయాయి. ఐరోపాలో, అమెరికాల్లో మామతుల వంటి పెద్ద జంతువులెన్నో అంతరించాయి. ఇక్కడ గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో ఒక్కటి తప్ప అన్నీ భారత ఉపఖండంలో ఎక్కడో ఒకచోట ఇవాళ్టిదాకా బతికి ఉన్నాయి. పోయిన ఆ ఒక్కటీ ఇథియోపియా ఎత్తుల్లో ఇప్పుడు తిరిగే గెలాడా కోతికి చుట్టం. ఒక చోట వాతావరణం గిట్టకపోతే ఇంకో చోటికి జరగడానికి కొండలూ అడవులూ గడ్డినేలలూ పక్కపక్కనే, ఒకదానికొకటి అతుక్కుని ఉండటమే దీనికి కారణమని ఆ శాస్త్రవేత్తల వివరణ. 2 లక్షల ఏళ్లు నిలదొక్కుకున్న జంతువులకు ఇప్పుడు ఆ పక్క చోటు లేకుండా చేస్తున్నది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

ఇదే కొండల్లో జుర్రేరు లోయలో జ్వాలాపురం అనే చిన్న ఊరుంది. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలోని తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు లేచిన బూడిద ఇక్కడికి కొట్టుకొచ్చి పడింది. వానలు లోయలోకి ఊడ్చిన చోట రెండు మీటర్లకు మించిన మందంతో తెల్లటి పొరగా నిలిచింది. దాని కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. పనిముట్ల తీరు పెద్దగా మారలేదు కాబట్టి, ఆ మహా విస్ఫోటనాన్ని తట్టుకుని ఇక్కడి మనుషులు బతికారని తవ్విన బృందం 2007లో రాసింది. వాళ్లు ఏ జాతి మనుషులన్న వాదన ఇంకా నడుస్తోంది. ఆ బూడిద మెత్తని గాజుపొడి కాబట్టి గిన్నెలు తోమే పొడికి పనికొస్తుంది. చాలాకాలం ఊళ్లోవాళ్లు తవ్వి అమ్ముకున్నారు కూడా.

మళ్లీ నీళ్ల దగ్గరికి. పలనాడులో బ్రహ్మనాయుడు చివరికి వెళ్లి చొరబడ్డాడని చెప్పే గుత్తికొండ బిలం కూడా ఈ సున్నపురాయిదే. ఆ బిలం నీటిలో కళ్లులేని, రంగులేని ఒక చిన్న జీవి దొరికింది. రొయ్యలకూ పీతలకూ దూరపు చుట్టం. 2011లో దానికి ఆంధ్రకాయిడెస్ అని ఆంధ్ర పేరు కలిసొచ్చేలా కొత్త ప్రజాతి పేరు పెట్టారు. అదే ప్రజాతికి చెందిన జీవి తర్వాత బెలుం నీటిలోనూ దొరికింది. దీని దగ్గరి బంధువులు ఆస్ట్రేలియా నేల కింది నీటిలో ఉన్నాయి. ఆ జీవి సముద్రం ఈదలేదు. భారతదేశం, ఆస్ట్రేలియా ఒకే గోండ్వానా ఖండంలో అతుక్కుని ఉన్న రోజుల్లో దీని పూర్వీకులు నేలలోని నీటిలో ఉన్నాయి. ఖండాలు విడిపోయి దూరమవుతుంటే ఆ నీటితో పాటే ప్రయాణం చేశాయి.

కళ్లులేని ఆ ప్రాణికీ ఊరి బావికీ ఆధారం ఒకే నీరు. ఇసుకలోంచి ఇంకే నీరు వడపోత పడుతుంది, సున్నపురాయి గొట్టంలో పారే నీటికి వడపోత లేదు. కుంగిన గుంతలో చెత్త పోసినా, మురుగు వదిలినా, చచ్చిన గొడ్డును పడేసినా నీటితో కలిసి రోజుల్లో ఏ బావిలోనో తేలవచ్చు. పాలిష్ ఫ్యాక్టరీల తెల్ల బురద సన్నని సందుల్లోకి దిగి గట్టిపడితే ఊట దారి మూసుకుపోతుంది. గని లోతుగా దిగి నీళ్లు తోడేస్తే చుట్టుపక్కల మట్టం పడిపోతుంది. సిమెంటు కంపెనీలకు కావలసిందీ ఈ సున్నపురాయే, ఆ గనులు నాపరాయి గనుల కంటే చాలా పెద్దవి. రాయి తీయొద్దని అనడం తేలిక, ఈ ఊళ్లలో వేల ఇళ్లకు పొయ్యి వెలిగేది దానితోనే. గని లీజు ఇచ్చే ముందు కింద ఎటు గొట్టముందో, దాని నీరు ఎక్కడ తేలుతుందో రంగు కలిపి చూడమనడం మాత్రం అత్యాశ కాదు. 

వెళ్లేవాళ్లకు రెండు మాటలు. నంద్యాల–ఎర్రగుంట్ల రైలు మార్గం 2016లో తెరిచాక బనగానపల్లెకు నేరుగా రైలుంది, అక్కణ్నుంచి యాగంటి దగ్గర. బేతంచెర్ల పాత గుంతకల్లు–నంద్యాల మార్గంలోనే ఉంది. బిల్లసర్గంలో టికెట్టు కౌంటరూ ఉండదు, దీపాలూ ఉండవు, నీడా తక్కువే. నీళ్లు పట్టుకెళ్లాలి, దారి గొర్రెలు కాసుకునేవాళ్లను అడగాలి, మార్చి తర్వాత మధ్యాహ్నం పూట వద్దు. కొందరు దాన్ని ముందు చూసి, ఇంతేనా అని బెలుంకు పరుగెడతారు. నన్నడిగితే బెలుం ముందు చూడాలి. బిల్లసర్గంలో గుహ కప్పు చాలాచోట్ల కూలిపోయి వాగు లోయగా మిగిలింది, అక్కడక్కడా కూలకుండా ఆగిన ముక్క రాతి వంతెనగా నిలిచింది. బెలుంలో చీకట్లో, చెమటలో, తల వంచుకుని నడిచిన గొట్టాన్నే అక్కడ కప్పు తీసి పట్టపగలు చూస్తాం. నిలువు పగుళ్లు ఎక్కడున్నాయి, పొరలు ఏ ఎత్తున చీలాయి, నీరు ఎటు తిరిగింది, గైడు అవసరం లేకుండానే గోడ చూపిస్తుంది.